ముఖం కనబడని ఖైదీ

వెంకవ్వకు మాటల సినిమాలు గిట్టవు. నలభై ఏళ్లు సాంచాల పక్కన కూర్చుని కండెలు చుట్టిన మనిషి. ఆ మరమగ్గాల చప్పుడుకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే సగం వినబడుతుంది. తెరమీద ఇద్దరు నిలబడి పెదాలు కదిలిస్తుంటే ఆమెకు నిద్ర ముంచుకొస్తుంది. అదే కొట్లాట మొదలైందా, మంచం మీద నిటారుగా లేచి కూర్చుంటుంది. తలుపులు బద్దలవడం, జీపులు పల్టీలు కొట్టడం, జైలు గోడ దూకి పారిపోయినవాణ్ని పోలీసులు తరమడం, వీటికి చెవులతో ఏం పని? అందుకే రిమోటు ఆమె చేతికి వచ్చిందంటే ఆ ఇంటి టీవీలో ఎవడో ఒకడు గోడ దూకుతూనే ఉంటాడు.

దూకేవాళ్ల మీద ఆమెకు గట్టి అభిప్రాయాలున్నాయి.

"వీని నడుముకు తీగె ఉన్నది. సూడు, దూకకముందే తేలుతున్నడు," అని ఒకణ్ని తీసిపారేస్తుంది. "గీడు మంచోడు. నిజంగ పడ్డడు," అని ఇంకొకణ్ని మెచ్చుకుంటుంది.

పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచే కోడలు వనిత నవ్వి ఊరుకునేది.

వనిత ముంబై పక్కనున్న ఈ భివండీలోనే పుట్టింది, మున్సిపాలిటీ మరాఠీ బడిలో చదివింది. ఆ బడిలో వ్యాయామం మాస్టరు ఆడపిల్లలకు తాడు మల్లఖాంబ్ నేర్పేవాడు. పైనుంచి వేలాడే నూలు తాడును కాలి వేళ్లతో పట్టుకుని, నడుముకు మెలివేసుకుని, గాలిలో ఆసనాలు వేసే విద్య అది. జిల్లా పోటీల్లో వనితకు మూడేళ్లు వరసగా మొదటి బహుమతి వచ్చింది. పెళ్లి చూపులనాడు వెంకవ్వ ఆ ఫొటోలు చూసి ముఖం చిట్లించింది. "మంచిగనే ఉన్నది గని, పెండ్లయినంక ఆడిపిల్ల తాడెక్కుడేంది?" అంది. వనిత ఎదురు చెప్పలేదు. ఫొటోలు పెట్టెలోకి పోయాయి.

రెండేళ్లుగా వనిత అప్పుడప్పుడు షూటింగులకని ముంబై పోతున్నది. "ఏం లేదత్తా, గుంపుల నిలబడే పని. బజారు సీనుంటది, బుట్ట పట్టుకొని అటు ఇటు నడుచుడు," అని చెప్పింది. పక్క ఊరు పూర్ణలో గోదాము పనికి పోయే కొడుకు అంకుశం కూడా "అంతేనే అవ్వా" అన్నాడు. కోడలి మోచేతులు, మోకాళ్లు కమిలి ఉంటే వెంకవ్వ ఒకటి రెండుసార్లు అడిగింది. లోకల్ బండి తోపులాట అన్నది వనిత. ముంబై లోకల్ ఎక్కినవాళ్లకు అది నమ్మశక్యం కాని సంగతేమీ కాదు.

అత్తాకోడళ్లు మాట్లాడుకునేది ఎక్కువగా చేతులతోనే. సాంచాలు నడిచే చోట పక్కమనిషి అరిచినా వినబడదు కాబట్టి కార్ఖానాల్లో వాళ్లకు వాళ్లు ఒక చేతి భాష కట్టుకున్నారు. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. అరచేయి బోర్లిస్తే కండె అయిపోయిందని. పిడికిలి చుట్టూ చూపుడువేలు తిప్పితే మోటారు పట్టాలో ఏదో చుట్టుకుందని. వెంకవ్వ చెవులు పోయాక ఈ భాష ఇంట్లోకి కూడా వచ్చింది. కొత్త కోడలిగా వచ్చిన ఆరు నెలల్లోనే వనిత దాన్ని పట్టేసింది. వంటింట్లో ఉప్పు తక్కువైందని కూడా సాంచా భాషలోనే చెప్పేది.

నిజాంపురా వెనక భూమయ్య సేటుకు ఇరవైనాలుగు సాంచాలున్నాయి. ఒకప్పుడు తానూ కూలికి నేసినవాడే కనుక కార్ఖానాలో అందరినీ వరసపెట్టి పిలుస్తాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన వెంకవ్వ దగ్గరికొచ్చి, కుడి చెవి దగ్గర వంగి అరిచాడు.

"వదినా, రేపు మన కార్ఖానాల సిన్మా తీస్తరట!"

"ఏం సిన్మా?"

"నలుగురు ఆడ ఖైదీలు జైల్లకెళ్లి తప్పించుకొని పారిపోతరట. పోలీసోళ్లు వెంటవడితే ఉరికి ఉరికి మన సాంచాల నడుమ దాసుకుంటరట. పెద్ద కొట్లాట!"

వెంకవ్వ చేతిలో కండె ఆగింది. "ఆడోళ్లా? ఆడోళ్లే దూకుతరా?"

"ఆడోళ్లే. డైరెక్టరు సెట్టింగు వద్దన్నడు. అసలు సాంచాలే నడవాలె, అసలు పనోళ్లే ఉండాలె అన్నడు. నువ్వు నీ జాగల నువ్వు కూసొని కండెలు సుట్టుడే."

ఆ సాయంత్రం వెంకవ్వ ఇంటికి పోతూ దారిలో కనబడిన ప్రతి మనిషికీ ఈ కబురు చెప్పింది. ఇంట్లో వనితకు చెప్పేసరికి, పిండి పిసుకుతున్న ఆమె చేతులు నిలిచిపోయాయి.

"ఏ కార్ఖానా అత్తా?"

"ఏ కార్ఖానా ఏంది, మనదే. భూమయ్యది."

వనిత పిండిలో ఇంకాస్త నీళ్లు పోసింది. "రేపు పనికి సుట్టి పెట్టరాదు అత్తా. నీకు ఒళ్లు కాలుతున్నట్టున్నది."

"నా ఒళ్లు సల్లగున్నది. ఆడ ఖైదీలు దూకుతరంటే నేను సుట్టి పెడుతనా? నీ షూటింగెక్కడ రేపు?"

"నాకు... గా దిక్కే ఎక్కడ్నో," అని వనిత మళ్లీ పిండి పిసకసాగింది. రాత్రి భోజనాల దగ్గర అంకుశం భార్యవైపు, తల్లివైపు మార్చి మార్చి చూసి, గబగబా తిని లేచిపోయాడు.

మర్నాడు కార్ఖానాకు పెళ్లి కళ వచ్చింది. భూమయ్య ముందురోజే మనుషుల్ని పెట్టించి గోడలమీద, దూలాలమీద పేరుకుపోయిన దూదంతా దులిపించాడు. డైరెక్టరు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. ఆయనకు ఆ దూదే కావాలట. చివరికి బయట పారబోసిన దూదిని బస్తాల్లో తెచ్చి మళ్లీ దూలాలకు అంటించారు. నూనె రాసుకుని నున్నగా తల దువ్వుకొచ్చిన సాంచా మనిషి నర్సింగాన్ని, జుట్టు చెరుపుకొమ్మన్నారు. ముప్పై ఏళ్లలో మొదటిసారి పనికి తల దువ్వుకొచ్చానని అతను నొచ్చుకున్నాడు.

హీరోయిన్ వచ్చింది. బూడిదరంగు ఖైదీ బట్టలు, చెంప మీద మసి, చెదిరిన జుట్టు. ఆ అవతారంలోనూ ఆమె పాలమీగడలా ఉంది. సాంచాల నడుమ వంగి పరుగెత్తింది, భయంగా వెనక్కి చూసింది, నర్సింగం కాళ్లమీద పడి దాచమని వేడుకుంది. నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంది. వెంకవ్వ కండెలు చుడుతూ ఓరకంట చూసి ఎంతో మెచ్చుకుంది. ఇక కొట్లాట కోసం కాచుకుని కూర్చుంది.

భోజనాల తర్వాత అసలు పని మొదలైంది. కథలో ఖైదీని పోలీసులు రెండువైపులా చుట్టుముడతారు. ఆమె గోడ ఎగబాకి పైన ఇనుప దూలం మీదికి చేరుతుంది. దూలానికి వేలాడే తాడు పట్టుకుని, కింద నడుస్తున్న పన్నెండు సాంచాల వరస మీదుగా ఊగి, ఆ చివరనున్న పెద్ద కిటికీని బద్దలు కొట్టుకుని బయటపడుతుంది. బయట బట్ట మూటలు గుట్టగా వేశారు. కిటికీకి విరిగినా గుచ్చుకోని ఉత్తుత్తి అద్దం పెట్టారు. పంకజ్ అనే ఫైట్ మాస్టరు, నెరిసిన గడ్డం మనిషి, ఏర్పాట్లన్నీ తానే చూస్తున్నాడు.

హీరోయిన్ పోయి కుర్చీలో కూర్చుంది. అవే బట్టలు వేసుకుని, అదే జుట్టుతో ఇంకొకామె వచ్చింది. జుట్టు ముఖం మీదికి పడి ఉంది. గోడ పక్కన నిలబడి చేతులకు సుద్ద రాసుకుంది. చెప్పులు విప్పింది. ఎడమ మడమను కుడి పిక్కకు రెండుసార్లు రుద్దుకుంది.

వెంకవ్వ కూర్చునేది నేలబారు పీట. ఆమె చూపు మనుషుల ముఖాలకన్నా ముందు కాళ్లమీదే పడుతుంది. ఆ పాదాల వేళ్లకు మెట్టెలు లేవు. ఉండాల్సిన చోట తెల్లటి గుర్తులున్నాయి. ఎడమకాలి చిటికెన వేలు లోపలికి వంగి ఉంది. ఆ వేలికి తాను ఎన్నిసార్లు పసుపు రాయలేదు? అటకమీది బియ్యం డబ్బా దించడానికి స్టూలెక్కే ముందు మడమను పిక్కకు రుద్దుకునే మనిషి ప్రపంచంలో ఇంకెవరున్నారు?

వనిత! వెంకవ్వ లేచి నిలబడేలోపే ఆ మనిషి గోడమీది గొట్టం పట్టుకుని, ఒక్క ఊపులో సగం ఎత్తుకు చేరిపోయింది. బల్లి పాకినట్టు కాదు, నీళ్లు ఎగువకు పారినట్టు పోయింది. దూలం మీద నిలబడి, ఒక చేత్తో తాడు అందుకుని, కిందికి చూసింది. గుంపులో బుట్ట పట్టుకుని నడిచే తన కోడలు పదిహేనడుగుల ఎత్తున, బెత్తెడు వెడల్పు ఇనుము మీద నిలబడి ఉంది.

పంకజ్ చేయి ఎత్తాడు. నర్సింగం మెయిను స్విచ్చి వేశాడు. ఇరవైనాలుగు సాంచాలు ఒక్కసారి అందుకున్నాయి. నేల వణికింది. ఇక ఆ కార్ఖానాలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. మాస్టరు ఎర్రజెండా దించడమే గుర్తు అని ముందే చెప్పుకున్నారు.

వనిత బట్టల కింద నడుముకు పటకా ఉంది. దానికి తగిలించిన సన్నటి ఉక్కు తీగె పైన గిలకమీదుగా కార్ఖానా మూలకు దిగింది. చేయి జారినా కింద పడకుండా అక్కడ నలుగురు దాన్ని పట్టుకుని నిలబడ్డారు. మిగిలిన తీగె చుట్టగా వాళ్ల వెనక నేలమీద పడి ఉంది. ఆ మూలే వెంకవ్వది.

వాళ్లందరూ పైకి చూస్తున్నారు. వెంకవ్వ చూపు మాత్రం అలవాటు కొద్దీ సాంచాల కిందికి పోయింది. నేల అదురుతుంటే తీగె చుట్ట కొంచెం కొంచెంగా విడిపోయి జరుగుతున్నది. దాని కొస ఒకటి పామునాలుకలా చివరి సాంచా మోటారు వైపు పాకింది. అక్కడ, చేయి చేరని చోట, పట్టా తిరుగుతున్నది. జానెడు దూరం ఉంది. బెత్తెడు. పట్టా ఆ కొసను అందుకుందంటే మోటారు తీగెనంతా చుట్టేసుకుంటుంది. నలుగురు కాదు, నలభైమంది పట్టుకున్నా ఆగదు. పైనున్న పిల్ల నడుము గిలకలో పడి రెండు ముక్కలవుతుంది.

"ఆపుండ్రి!" అని ఆమె అరిచింది. ఆ అరుపు ఆమెకే వినబడలేదు. పక్కనున్న అసిస్టెంటు ఒకడు, కెమెరా వైపు చూడొద్దని సైగ చేశాడు.

వెంకవ్వ పీట తన్నేసి రెండు సాంచాల నడుమ దారిలోకి, సరిగ్గా కెమెరాకు ఎదురుగా ఉరికింది. రెండు చేతులూ తలపైకి ఎత్తింది. పిడికిలి బిగించి దాని చుట్టూ వేలు తిప్పింది. పట్టా పట్టిందని. తన నడుము మీద చరుచుకుని, చేయి విదిలించింది. నడుముకున్నది ఇడువుమని. మళ్లీ తిప్పింది, మళ్లీ విదిలించింది.

వనిత జెండా కోసం చూస్తున్నదల్లా అత్తను చూసింది. అత్తకు తెలిసిపోయిందని సిగ్గుపడటానికి గాని, ఇదేమిటని ఆలోచించడానికి గాని ఆమె ఒక్క క్షణమూ తీసుకోలేదు. సాంచా భాషలో చెప్పింది ముందు చేయాలి, తర్వాత అడగాలి. నడుముకున్న కొక్కెం విప్పి వదిలేసింది.

అది ఆమె వేళ్లను దాటిందో లేదో, తీగె ఈల వేసినట్టు పైకి లేచిపోయింది. గిలకను ఢీకొట్టి, కొరడాలా విసురుకుంటూ కిందికొచ్చింది. పట్టుకున్న నలుగురూ ఒకరిమీద ఒకరు పడ్డారు. చివరి సాంచా మోటారు తీగెను గుటగుట మింగి, పొగ వదిలి నిలిచిపోయింది. నర్సింగం మెయిను లాగేశాడు.

కార్ఖానా మూగపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక్క వెంకవ్వ గొంతే వినబడుతున్నది. సాంచాలు ఆగిన సంగతి ఆమెకు తెలియదు.

"దిగు బిడ్డా! నా తల్లీ, దిగే!"

వనిత తాడు పట్టుకుని జారి కిందికి దిగింది. ముందు తీగె పట్టిన నలుగురి దగ్గరికి పోయి వాళ్ల అరచేతులు తిప్పి చూసింది. తోళ్ల గ్లవుజులు చిరిగాయి గాని ఎవరికీ ఏమీ కాలేదు. అప్పుడు అత్త ముందుకొచ్చి తల వంచుకుని నిలబడింది.

పంకజ్ మాస్టరు చమట తుడుచుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నానని, తీగె చుట్టను నేలమీద వదలడం తన తప్పేనని అందరిముందూ హిందీలో ఒప్పుకున్నాడు. "ఆజ్ నహీ హోగా. ప్యాకప్," అని ఆ రోజుకు షూటింగు ఆపేయమన్నాడు.

"మాస్టర్, ఒక్కసారి," అన్నది వనిత.

అందరూ వెంకవ్వ వైపు చూశారు. ఈ ముసలామె ఆ పిల్లకు అత్త అని అప్పటికి భూమయ్య నోటినుంచి కార్ఖానా అంతా పాకింది. భూమయ్య చెవి దగ్గర వంగి, "కోడలు మళ్ల ఎక్కుతదట వదినా. ఏమంటవ్?" అని అరిచాడు.

వెంకవ్వ కోడలి ముఖం చూసింది. ఏడు సంవత్సరాలుగా రోజూ చూసే ముఖమే. కాని ఇలా ఎప్పుడూ లేదు. భయం ఉంది, దాని వెనక ఇంకేదో మొండిది, తళతళలాడేది ఉంది. పెట్టెలో పెట్టించిన ఫొటోల్లో ఈ ముఖాన్నే చూసింది తాను.

"భయమైతలేదా?" అని అడిగింది.

"అయితది అత్తా. రోజు అయితది."

"మరి?"

"ఎక్కినంక ఉండది."

వెంకవ్వ కొంగు నడుముకు దోపింది. ఎవరితోనూ మాట్లాడకుండా నేలమీద మోకాళ్లూని కూర్చుంది. మొదటి సాంచా కిందికి వంగి చూసింది. పట్టా చుట్టూ చేయి పెట్టి తడిమింది. తర్వాత రెండోది. అలా ఇరవైనాలుగు సాంచాల కిందా పాకుతూ పోయింది. దారిలో దొరికిన తాడు ముక్కలు, కెమెరా వాళ్ల వైర్లు, ఎవరో తాగి పడేసిన టీ కప్పు కూడా ఏరి బయట పెట్టించింది. తీగె పట్టే మనుషుల్ని మోటారు లేని మూలకు మార్పించింది. మిగిలిన తీగెను నేలమీద కాకుండా ఒక పెట్టెలో వేయించి, ఆ పెట్టె మీద నర్సింగాన్ని కూర్చోబెట్టింది. పంకజ్ మాస్టరు ఆమె వెనకాలే తిరుగుతూ చెప్పినదల్లా చేశాడు. "హా ఆయీ, ఠీక్ ఆయీ" అంటూ, మరాఠీలో అమ్మను పిలిచినట్టు.

డైరెక్టరు గడియారం చూపించి వెలుతురు పోతోందన్నాడు.

"పోతే రేపొస్తది," అన్నది వెంకవ్వ. "పిల్ల రాదు."

ఆ మాటను భూమయ్య హిందీలో చెప్పాడు. డైరెక్టరు కుర్చీలో కూలబడ్డాడు.

ఆఖరున ఆమె తాడు ముడిని తానే లాగి చూస్తానంది. ఎత్తు ఎక్కలేదు కాబట్టి తాడు కిందికొస పట్టుకుని తన బరువంతా వేసి వేలాడింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి అలా రెండు కాళ్లూ ఎత్తి ఊగుతుంటే నవ్వాలో దండం పెట్టాలో ఎవరికీ తోచలేదు. అప్పుడు తన పీట తెచ్చుకుని కూర్చుంది. కోడలి వైపు చూసి కానిమ్మని తల ఊపింది.

ఈసారి భూమయ్య మెయిను వేశాడు. సాంచాలు అందుకున్నాయి. జెండా దిగింది.

వనిత దూలం మీద నాలుగడుగులు పరుగెత్తింది. ఐదో అడుగు గాలిలో వేసింది. తాడు ఆమెను అందుకుని ముందుకు విసిరింది. కింద నూలు మోసే నాడెలు అటూ ఇటూ ఉరుకుతున్నాయి, పన్నెండు సాంచాల తెల్లని బట్ట వెలుగుతున్నది. దాని మీదుగా ఆమె నీడ ఒక్క ఊపున దాటిపోయింది. సగం దారిలో కాళ్లు ముడిచి, మెలి తిరిగి, భుజం ముందుకు పెట్టింది. దూలాలకు అంటించిన దూది లేచి ఆమె వెంట మంచులా ఎగిరింది. కిటికీ పగిలింది. బయటి ఎండ ఒక్కసారి లోపలికి దూకింది. మనిషి లేదు.

వెంకవ్వ జీవితంలో ఎన్నో దూకుళ్లు చూసింది. ఎవరికి తీగె ఉన్నదో ఎవరికి లేదో గదిలో కూర్చుని తీర్పులు చెప్పింది. తీగె ఉన్నా ఇంత ధైర్యం కావాలని ఆమెకు ఈ రోజే తెలిసింది. తీగె పడనీయకుండా పట్టుకుంటుందేమో గాని, దూకేది మాత్రం మనిషే.

ఆమె వెనక తలుపు గుండా బయటికి ఉరికింది. వనిత బట్ట మూటల మీద వెల్లకిలా పడి ఉంది. కదలలేదు. తర్వాత ఛాతీ ఎగిసిపడింది, కళ్లు తెరిచి అత్తను చూసి నవ్వింది. చప్పట్లు మొదలయ్యాయి. వెంకవ్వకు అవి వినబడలేదు గాని, అందరి చేతులూ కదలడం కనబడింది. ఆమె కూడా కొట్టింది.

దర్జాగా పడుకునే వీలు వనితకు లేదు. తర్వాతి ముక్క హీరోయిన్‌ది. ఆమె వచ్చి, పడినప్పుడు ఊపిరి ఎలా ఉంటుందో చూపించమని వనితను అడిగింది. మొదట రాదు, తర్వాత ఒక్కసారి వస్తుంది, పక్కటెముకల దగ్గర గుచ్చుకుంటుంది అని వనిత చెప్పింది. హీరోయిన్ శ్రద్ధగా విని, అదే గుంటలో పడుకుని, అచ్చం అలాగే ఊపిరి పీల్చింది. మేకప్ మనిషి ఆమె అరచేతులకు ఎర్రరంగు పూశాడు. వనిత తన అరచేతులు వెనక్కి దాచుకోవడం వెంకవ్వ కంటపడింది. పట్టి లాగి చూసింది. తాడు ఒరుసుకుని రెండు చేతులూ తోలు లేచిపోయి ఉన్నాయి.

ధామన్కర్ నాకా కూడలి నుంచి ఇద్దరూ ఆటోలో ఇంటికొచ్చారు. ఇంట్లో వెంకవ్వ కొబ్బరినూనెలో పసుపు కలిపి కోడలి చేతులకు రాసి, పాత చీర పేలికలు చుట్టింది. అన్నం కలిపి ముద్ద ఆమె నోటి దగ్గర పెట్టింది. వనిత సిగ్గుపడింది.

"తిను. చేతులేడున్నయ్ నీకు?"

నాలుగు ముద్దలు పోయాక అడిగింది. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పోనిస్తుంటివా అత్తా?"

వెంకవ్వ అబద్ధమాడలేదు. "పోనియ్యకపోదును." ఇంకో ముద్ద పెట్టింది. "గిట్ల ఎన్నిసార్లు దూకినవ్?"

"లెక్క పెట్టలే. రైలు డబ్బా మీదికెళ్లి ఒకసారి. మిద్దె మీదికెళ్లి శానసార్లు. మొన్న నువ్వు టీవీల సూసి, 'గీమె మంచిది, నిజంగ పడ్డది' అన్నవు సూడు, ఆమె..."

"నువ్వేనా!"

వనిత తల ఊపింది. వెంకవ్వ చేతిలోని ముద్దను ఆమె నోట్లో పెట్టింది. తర్వాత వాకిట్లో బండి ఆపుతున్న కొడుకు మీద ఒక్కసారి విరుచుకుపడింది. "అంకుశం! నీ పెండ్లాం ఆకాశం మీద నడుస్తుంటే, బుట్ట పట్టుకొని తిరుగుతదని నాకు చెప్తవురా?"

ఎనిమిది నెలలకు సినిమా వచ్చింది. మొదటి ఆదివారం మధ్యాహ్నం ఆటకు వెంకవ్వ తన వీధి ఆడవాళ్లను ముప్పైమందిని వెంటేసుకుని పోయింది. భూమయ్య, నర్సింగం కూడా కొత్త చొక్కాలు వేసుకుని వచ్చారు. లోపల కూర్చున్నాక ఆమె లేచి నిలబడి అందరికీ ఒకటే చెప్పింది.

"ముఖం కనబడ్డప్పుడు ఊకోండ్రి. గది హీరోయిను. ముఖం కనబడనప్పుడు సీటీలు కొట్టుండ్రి. గది నా కోడలు."

ముప్పైమందీ ఆ మాట తప్పలేదు. హీరోయిన్ ఏడ్చినప్పుడు, తల్లిని తలుచుకున్నప్పుడు, చివరికి పోలీసు అధికారితో సవాలు చేసినప్పుడు కూడా వాళ్లు గమ్మున కూర్చున్నారు. ఖైదీ వెనుదిరిగితే చాలు ఈలలు, కేకలు. ముందు వరసల్లోని కుర్రకారు ఇదేం వింతని వెనక్కి తిరిగి చూశారు. జైలు గోడ దూకినప్పుడు భూమయ్య కుర్చీ ఎక్కి తువ్వాలు తిప్పాడు.

వనిత మాత్రం ఇంటర్వెల్ కాగానే నిద్రపోయింది. ముందురోజు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఎక్కడో నడుస్తున్న లారీమీద నుంచి దూకి దూకి వచ్చింది పాపం. ఆమె తల వెంకవ్వ భుజం మీద వాలింది. తెరమీద కార్ఖానా వచ్చింది, సాంచాలు వచ్చాయి, దూలం మీద బూడిదరంగు బట్టల మనిషి పరుగెత్తింది. థియేటరు ఊగిపోయింది. అంకుశం భార్యను లేపబోతే వెంకవ్వ అతని చేయి మీద ఒక్కటి వేసింది.

ఆటలో మిగతాదంతా ఆమె భుజం కదపకుండా చూసింది.

బయట ఎండలోకి వచ్చాక వనిత కళ్లు నులుముకుంటూ, "అయ్యో, కార్ఖానా సీను అయిపోయిందా? ఎట్లున్నది అత్తా?" అని అడిగింది.

"ఏమడుగుతవ్ బిడ్డా!" వెంకవ్వ ఆటో ఎక్కుతూనే మొదలుపెట్టింది. దారిపొడుగునా ఆమె గొంతు ఆటో మోటారును మించి వినబడింది. "దూలం మీద ఉరికినవ్. ఉరికి గాలిల కాలు పెట్టినవ్. అటెంక తాడు వట్టుకొని, కింద ముప్పై సాంచాలు..."

"పన్నెండే అత్తా," అన్నది వనిత నవ్వుతూ.

"నువ్వు నిద్రపోయినవ్, నీకేం ఎరుక?" అన్నది వెంకవ్వ. "నేను సూసిన."